మామ కారు వందలో పోతే ఎంత దూరంలో ఆగుతది?

ప్రశ్న: సార్, మాది నకిరేకల్ దగ్గర పల్లె, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్న. మా మేనమామ హైదరాబాద్ పోయేటప్పుడు హైవే మీద కారు వందకు తగ్గనియ్యడు. ఎనభైకి వందకు తేడా ఇరవయ్యే కదా, బ్రేకులు మంచిగున్నయి, ఐదుగురు ఎక్కి బరువైతే లేటుగా ఆగుతది గానీ ఒక్కన్నే ఉంటే ఏం కాదు అంటడు. లెక్క వేసి చూపియ్యొచ్చా?

జవాబు: చూపియ్యొచ్చు బిడ్డా, నీ పుస్తకంలో ఉన్న వి స్క్వేర్ ఈక్వల్స్ యు స్క్వేర్ ప్లస్ టూ ఏ ఎస్ చాలు (వి ఆఖరి వేగం, యు మొదటి వేగం, ఏ త్వరణం, ఎస్ దూరం). స్పీడును 5/18తో గుణిస్తే 80 అంటే సెకనుకు 22.2 మీటర్లు, 100 అంటే 27.8 మీటర్లు.

ముందుగాల బ్రేకు పడకముందు పోయే దూరం చూడు, దీన్ని చానమంది లెక్కలోకే తీసుకోరు. బర్రె రోడ్డెక్కుడు కంట్ల పడి, అది మెదడుకెక్కి, కాలు యాక్సిలరేటర్ ఇడిసి బ్రేకు మీదికి వచ్చేదాకా సెకనున్నర అనుకుందాం, ఆ సెకనున్నర బండి ఫుల్ స్పీడ్‌లోనే ఉంటది. ఎనభైలో 33 మీటర్లు, వందలో 42 మీటర్లు అట్లనే పోతయి.

ఇగ బ్రేకు. పొడి తారు రోడ్డు, టైర్లు బాగున్నయి అంటే ఘర్షణ గుణకం (టైరు రోడ్డును ఎంత పట్టుకుంటదో చెప్పే అంకె) 0.7 పెట్టుకో, దాన్ని 9.8తో గుణిస్తే బండి నెమ్మదించే త్వరణం సుమారు 7 వస్తది. వేగం స్క్వేర్‌ను దానికి రెట్టింపు 14తో భాగిస్తే ఎనభైకి 35 మీటర్లు, వందకు 55. పాయింట్లు వదలకుండ మొత్తం కలిపితే 69, 97.

అసలు సంగతి ఇప్పుడు చూడు. బర్రె సరిగ్గా 69 మీటర్ల దూరంలో ఉందనుకో. ఎనభైలో వచ్చే కారు దాని ముందట ఆగిపోతది. వందలో వచ్చే మామ కారుకు 42 మీటర్లు పోయినంక గానీ బ్రేకు పడదు, మిగిలింది 27 మీటర్లే. అదే ఫార్ములాలో పెట్టు, వంద స్పీడు స్క్వేర్ 772 లోంచి, 14ను 27తో గుణిస్తే వచ్చే 378 తీసెయ్, మిగిలినదానికి వర్గమూలం తీసి మళ్ల గంటకు మార్చుకో. 71 కిలోమీటర్ల స్పీడ్ వస్తది! ఇరవయ్యే కదా అన్న తేడా గుద్దేకాడ డెబ్బై ఒకటి అయింది. ఎందుకంటే బ్రేకు ప్రతి మీటరుకు ఒకే అంత తీసేది వేగాన్ని కాదు, వేగం స్క్వేర్‌ను, అందుకే మొదటి మీటర్లల్ల స్పీడ్ కొంచెమే తగ్గి ఆఖరి మీటర్లల్ల ఒక్కసారి పడిపోతది. ఈ ఒక్క లెక్క కాగితం మీద రాసి మామ ముందట పెట్టు.

బరువు సంగతి: ఘర్షణ బలంలో ద్రవ్యరాశి ఉంటది, ఆపాల్సిన బండిలోనూ అదే ఉంటది, రెండు దిక్కులా కొట్టేస్తే పోతది. కాబట్టి ఒక్కడున్నా ఐదుగురున్నా కారుకు పెద్ద తేడా రాదు, ఒక్కన్నే ఉన్న అనే ధైర్యం పనికిరాదు. అయితే టైరు పట్టు ఎంతుందో అంత వాడుకునే దమ్ము బ్రేకులకు ఉన్నంతవరకే ఇది నిజం, ఓవర్‌లోడ్ లారీకి బ్రేకులు వేడెక్కితే ఈ లెక్క నడవదు.

ఇంకోటి నువ్వు అడగలే గానీ చెప్పాలె. వాన పడ్డ రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.4కు పడిపోయిందంటే వందలో మొత్తం దూరం సుమారు 140 మీటర్లు అయితది. మన దిక్కు కోతలప్పుడు ఊరి రోడ్ల మీద వడ్లు ఆరబోస్తరు కదా, టైరు కింద గింజలు దొర్లుతయి, టైరు తారును సరిగ్గ పట్టదు, పైగా వడ్ల చుట్టు పెట్టిన రాళ్లు రాత్రి దగ్గరికొచ్చేదాకా కనపడవు, అక్కడ నలభై దాటి పోతే బ్రేకు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఏబీఎస్ ఉంది కదా అంటడేమో మామ, అది చక్రం లాక్ కాకుండ చూసి స్టీరింగ్ తిరిగేటట్టు చేస్తది గానీ రోడ్డు మీద లేని పట్టును తేలేదు.