కబడ్డీ జట్టులో కష్టపడేవాళ్లని ఎలా ప్రోత్సహించాలి?

"చప్పట్లన్నీ రైడర్లకే, మిగతా పిల్లలు డీలా పడుతున్నారు, ఏం చేయాలి?" అని అడిగారు. విశాఖలో పిల్లలకు కబడ్డీ నేర్పిస్తున్న అనుభవంతో చెబుతున్నాను.

కూతకెళ్లి పాయింట్ తెచ్చిన రైడర్‌ని అందరూ చూస్తారు. చివర నిలబడే కార్నర్ డిఫెండర్ రైడర్ కాలు పట్టగానే మీదికొచ్చి అతన్ని మధ్య గీత దాటనివ్వని కవర్‌ని, అంటే లోపలివైపు నిలబడే డిఫెండర్‌ని, కోచ్ చూడాలి. "బాగా ఆడావు" అంటే చాలదు. "రైడర్ బోనస్ గీత దగ్గరికొచ్చినా నువ్వు తొందరపడలేదు, అందుకే దొరికాడు" అని చేసిన పనిని విడమర్చి చెప్పాలి. ఓ రోజు ఆర్కే బీచ్ ఇసుకలో పరుగు పెట్టించాను. అందరికన్నా వెనకబడినా మధ్యలో ఆగకుండా పూర్తి చేసిన అబ్బాయికి మర్నాడు వార్మప్ చేయించే పని అప్పగించాను. అప్పటినుంచి వాడు అందరికన్నా ముందొచ్చి కోర్టు గీతలు గీస్తున్నాడు!

బహుమతులు ఇవ్వండి, కానీ ముందే ఆశ పెట్టకండి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు చిన్నపిల్లల మీద ప్రయోగం చేశారు. బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయించిన పిల్లలకు తర్వాత బొమ్మల మీద ఆసక్తి తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు తగ్గలేదు. అందుకే మేం మోకాలి క్యాప్ లాంటివి ఆట అయ్యాకే, ఎందుకిస్తున్నామో అందరి ముందూ చెప్పి ఇస్తాం.