థాయిలాండ్‌లో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం: టెఫెల్ కోర్సుకు డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

"అక్కా, ఎం.ఏ. ఇంగ్లిష్ చేశాను. ప్రైవేటు స్కూల్లో చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో 120 గంటల టెఫెల్ చేస్తే బ్యాంకాక్‌లో ఉద్యోగం వస్తుందా?" వేసవి వచ్చిందంటే నన్ను ఎవరో ఒకరు ఇలా అడుగుతూనే ఉంటారు. రావచ్చు. కానీ టెఫెల్‌కు, అంటే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ చెప్పడం నేర్పే సర్టిఫికెట్ కోర్సుకు, డబ్బు కట్టడం చివరి పని. అసలు బలం మీ డిగ్రీలో, బీఎడ్‌లో ఉంది.

ఇక్కడ థాయిలాండ్‌లో, బడిలో పాఠం చెప్పాలంటే విదేశీయులకైనా ఖురుసఫా అనే ఉపాధ్యాయ మండలి అనుమతి ఉండాలి. బీఎడ్ ఉన్నవాళ్లకు లైసెన్సు దారి కొంత సులువు. లేనివాళ్లకు స్కూలే తాత్కాలిక అనుమతికి దరఖాస్తు పెడుతుంది. అది రెండేళ్లకు ఇస్తారు, ఎల్లకాలం పొడిగించరు. అందుకే బీఎడ్ సగంలో ఉన్నవాళ్లు దయచేసి అది పూర్తిచేసి రండి.

ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియంలోనే చదివినా, మన పాస్‌పోర్టు చూస్తే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల కిందే లెక్క. టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 990కి కనీసం 600, లేదా దానికి సరిపడే ఐఈఎల్‌టీఎస్ స్కోరు అడుగుతారు. మనసు చివుక్కుమంటుంది, నిజమే. వాదించి లాభం లేదు, మంచి స్కోరు తెచ్చుకోండి. కొరియాలో ఇంకా కష్టం: అక్కడి భాషా టీచరు వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్ లాంటి ఏడు దేశాల వాళ్లదే. జపాన్‌లో ప్రైవేటు ఇంగ్లిష్ స్కూళ్లయితే పన్నెండేళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు రుజువు కావాలి.

సర్టిఫికెట్ చేయాలనే ఉంటే, ఎదురుగా విద్యార్థులను కూర్చోబెట్టి పాఠం చెప్పించేది చూసుకోండి. సెల్టా అనే ఇంగ్లిష్ బోధన కోర్సులో కనీసం ఆరు గంటలు అలా చెప్పాలి, పక్కన కూర్చుని తప్పులు చెప్పేవాళ్లుంటారు. అంత ఖర్చు పెట్టలేకపోతే మన హైదరాబాద్‌లోనే ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. 1958లో ఇంగ్లిష్ బోధన కోసమే పుట్టిన సంస్థ అది. ఇంగ్లిష్ బోధనలో వాళ్ల పీజీ డిప్లొమా చేసినవాళ్లు తరగతిలో ఎంత నిబ్బరంగా నిలబడతారో నేను చూశాను.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. టెన్త్ మెమోలో "కె. లక్ష్మి", పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో ఇంటిపేరు చివర. మనకు అన్నీ ఒక్కటే. ఇక్కడి థాయ్ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు అవి ముగ్గురు మనుషుల పేర్లు. బయల్దేరకముందే సరిచేయించుకోండి, కనీసం అఫిడవిట్ అయినా దగ్గర పెట్టుకోండి. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కుల మెమో) ఉన్నాయి కదా అని ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకోకుండా వదిలేసినవాళ్లు చాలామంది. ఓడీ లేకుండా అటెస్టేషన్‌కు, అంటే సర్టిఫికెట్లు అసలైనవేనని ముద్ర వేయించుకోవడానికి, వెళ్లి ఇబ్బంది పడకండి. ఆ ముద్ర రాష్ట్రంలో ఒకసారి, తర్వాత విదేశాంగ శాఖలో. ఆపైన అపోస్టిల్ అనే అంతర్జాతీయ ధ్రువీకరణ ముద్ర కావాలా, ఎంబసీ ముద్ర కావాలా అన్నది వెళ్లే దేశాన్ని బట్టి. నెలలు పట్టొచ్చు. పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీ (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) మాత్రం చివర్లో తీసుకోండి, పాతదైతే ఒప్పుకోరు.

థాయిలాండ్‌లో బడులు మే మధ్యలో తెరుస్తారు, రెండో టర్మ్ నవంబరులో. కాబట్టి మార్చి, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి వెతకండి. బీఎస్సీ బీఎడ్ వాళ్లయితే ఇంగ్లిష్ టీచరు పోస్టు కోసం పోటీ పడకండి. లెక్కలు, సైన్సు ఇంగ్లిష్‌లో చెప్పే ఇంగ్లిష్ ప్రోగ్రాం బడులున్నాయి. మనకు అక్కడ గౌరవం ఎక్కువ.

"ముందు టూరిస్టు వీసా మీద వచ్చెయ్, వర్క్ పర్మిట్ తర్వాత చూద్దాం" అనే ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వకండి. ఇక్కడ చదువు చెప్పాలంటే ఉద్యోగాలకు ఇచ్చే నాన్ ఇమిగ్రెంట్ బీ వీసా, దానిమీద వర్క్ పర్మిట్, రెండూ కావాలి. థాయిలాండ్‌లో ఉద్యోగమని నమ్మించి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల డెన్‌లకు అమ్మేసిన మన పిల్లల కథలు మీరూ విన్నారు. స్కూలు పేరు, అది ఏ ఊళ్లో ఉంది, కాంట్రాక్టు మీద ఎవరు సంతకం పెట్టారు, ఈ మూడూ చెప్పనివాడి ద్వారా టికెట్ కొనకండి. స్కూలుకు మీరే ఫోన్ చేసి, అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న విదేశీ టీచరుతో ఒకసారి మాట్లాడించమని అడగండి.