డాక్టర్ సలహా: 54 ఏళ్లకు ఇంటర్ చదువుతున్నా, చదివింది నిలవడం లేదు

ప్రశ్న: పెళ్లితో ఆగిన చదువు మళ్లీ మొదలుపెట్టి ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టాను. పుస్తకం పట్టిన అరగంటకే నుదురు లాగేస్తోంది, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. రాత్రి చదివింది పొద్దుటికి గుర్తుండదు. షుగర్‌కి ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. మతిమరుపు జబ్బు మొదలైందా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అలా అనిపించడం లేదమ్మా. తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగిందే అడగడం, డబ్బు లెక్కల్లో తడబడటం ఉంటే మాత్రం న్యూరాలజిస్టును కలవండి. ఇలాంటివి ఇంట్లోవాళ్లే ముందు గమనిస్తారు, వాళ్లనీ అడగండి.

మొదట కళ్లు చూపించుకోండి. నలభై దాటాక కంట్లో లెన్సు గట్టిపడి దగ్గరివి ఆనవు. మీ వయసుకు చదవడానికి సుమారు +2 పవర్ కావాల్సి వస్తుంది. రోడ్డు పక్కన కొనే అద్దాల్లో రెండు కళ్లకీ ఒకటే పవర్ ఉంటుంది, అందుకే చాలామందికి తలనొప్పి తగ్గదు. షుగర్ పెరిగితే లెన్సు ఉబ్బి పవరే మారిపోతుంది. కాబట్టి షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే అద్దాలు చేయించుకోండి. రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. పుస్తకం కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. తగ్గితే మరుపు, అరికాళ్లలో తిమ్మిర్లు వస్తాయి. బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు చేయించండి. పరీక్షకి రక్తం ఇచ్చేదాకా బి కాంప్లెక్స్ మాత్రలు మొదలుపెట్టకండి, అసలు లోపం కనబడకుండా పోతుంది. షుగర్ మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. జలుబుకీ దురదకీ వేసుకునే మత్తు మాత్రలు కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి.

ఇక చదివే పద్ధతి. అదే పేజీ పదిసార్లు చదివితే వచ్చేసినట్టే ఉంటుంది, పుస్తకం మూస్తే ఏమీ ఉండదు. ఒక్క పేజీ చదివి, పుస్తకం మూసి, పాత క్యాలెండర్ కాగితం వెనక నాలుగు ముక్కలు చూడకుండా రాయండి. తప్పినవి దిద్దుకుని మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్లీ రాయండి. నిద్ర చెడగొట్టుకుని చదవొద్దు, చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే.

పరీక్ష రోజు నాకు ఎక్కువ భయం గ్లిమెపిరైడ్‌తోనే. అది వేసుకుని టిఫిన్ మానేస్తే హాల్లో చెమట, వణుకు, ఏమీ తోచకపోవడం మొదలవుతాయి. చదివింది మర్చిపోయాననుకుంటారు, నిజానికి షుగర్ 70 కంటే కిందికి పడిపోయి ఉండొచ్చు. 15 గ్రాముల గ్లూకోజు పొడి, అంటే మూడు నిండు టీస్పూన్లు, పొట్లం కట్టుకెళ్లి ఇన్విజిలేటర్‌కి ముందే చెప్పి ఉంచండి. వణుకు రాగానే నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంటలో తేరుకోకపోతే ఇంకోసారి తాగి వెంటనే వాళ్లకి చెప్పండి.