బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ కాలంలో లండన్ రాయల్ సొసైటీని ఎవరు, ఎలా నడిపేవారు?

1901-1910 మధ్య ఈ శాస్త్రవేత్తల సొసైటీ పగ్గాలు 21 మంది కౌన్సిల్ చేతిలో ఉండేవి. అధ్యక్షుడు, కోశాధికారి, ఇద్దరు కార్యదర్శులు (భౌతిక శాస్త్రాలకు ఒకరు, జీవశాస్త్రాలకు ఒకరు), ఒక విదేశీ కార్యదర్శి అందులో భాగమే. ఏటా నవంబర్ 30న, సెయింట్ ఆండ్రూ పండగ రోజున, వార్షిక సమావేశం జరిగేది. అప్పుడు కౌన్సిల్లో పదిమంది దిగిపోయి కొత్తవాళ్లు వచ్చేవారు. అధ్యక్షులు వరుసగా హగ్గిన్స్, రేలీ, గీకీ. రోజువారీ పని మాత్రం ఎక్కువగా కార్యదర్శుల మీదే పడేది.

అసలు అధికారం సభ్యుల ఎంపికలో ఉండేదని నా అభిప్రాయం. అభ్యర్థి పేరును కొందరు ఫెలోలు (సొసైటీ సభ్యులు) సంతకాలతో ప్రతిపాదించాలి. అలా వచ్చిన అభ్యర్థుల్లో కౌన్సిల్ ఏటా 15 మందిని ఎంచి జాబితా ఇచ్చేది, ఫెలోలు ఓటు వేసేవారు. 1847లో పెట్టిన ఈ పరిమితి వల్లే ఆ గౌరవానికి అంత విలువ వచ్చింది.

కానీ ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదు. 1902లో భౌతిక శాస్త్రవేత్త హెర్తా ఐర్టన్ పేరు ప్రతిపాదిస్తే, పెళ్లయిన స్త్రీకి చట్టప్రకారం ఫెలో అయ్యే అర్హత లేదని న్యాయవాదులు చెప్పారు. కౌన్సిల్ ఒప్పుకుంది. అదే సొసైటీలో ఆమె 1904లో స్వయంగా తన పరిశోధనా పత్రం చదివారు, 1906లో సొసైటీ ఇచ్చే హ్యూస్ పతకం అందుకున్నారు. పతకం ఇచ్చారు గానీ సభ్యత్వం ఇవ్వలేదు, ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మహిళలు ఫెలోలుగా ఎన్నికైంది 1945లో.