రెండు పాత కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మాస్టారూ, మూడు నుంచి ఐదు తరగతుల దాకా నలభై మంది పిల్లలు, ఎవరో దాత ఇచ్చిన రెండు పాత కంప్యూటర్లు, నెట్ లేదు, కోడింగ్ చెప్పాలా టైపింగ్ చెప్పాలా అని అడిగారు. నేనూ మండల పరిషత్ స్కూల్లో ఎస్జీటీనే, అంటే ప్రాథమిక తరగతుల టీచర్నే. ఆరేళ్ల కిందట ఇంచుమించు ఇదే పరిస్థితిలో మొదలుపెట్టాను. ముందు నా పొరపాటు చెప్తాను.

మొదటి నెలంతా బోర్డు మీద మానిటర్, సీపీయూ, కీబోర్డు బొమ్మలు గీసి పేర్లు బట్టీ పట్టించాను. "సీపీయూ కంప్యూటర్‌కు మెదడు" అని అందరూ ఒకే గొంతుతో అరిచేవాళ్లు. తీరా మౌస్ చేతికిస్తే ఒక పిల్ల దాన్ని ఎత్తి తెరకు ఆనించింది. పాపం, వాళ్లింట్లో ఉన్నది టచ్ ఫోను మరి! ఆ రోజుతో బొమ్మల పాఠం ఆపేశాను.

పాత మిషన్లలో విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాను. అందులో పిల్లల ఆటలుండే జీకాంప్రి, బొమ్మలు గీసుకునే టక్స్ పెయింట్. రెండూ ఉచితమే, ఒకసారి వేసుకున్నాక నెట్ లేకపోయినా నడుస్తాయి. జీకాంప్రిలో మౌస్ కదిపితే తెర చెరిగి కింద బొమ్మ కనిపించే ఆట ఒకటుంది. వారం రోజుల్లో పిల్లలకు చెయ్యి కుదిరింది. కంప్యూటర్‌కు ముగ్గుర్ని కూర్చోబెట్టండి. మౌస్ పట్టుకున్నవాడు పక్కవాడు చెప్పిందే చేయాలి, మూడోవాడు తప్పులు చూడాలి. ఐదు నిమిషాలకు ఒకసారి మారాలి. మిగతావాళ్లు ఆవరణలో.

ఆవరణలో ఏం చేయాలంటారా? సుద్దతో గళ్లు గీసి ఒకణ్ణి రోబోను చేయండి. బకెట్ దాకా నడిపించడానికి కావలసిన ఆజ్ఞలన్నీ పిల్లలు ముందే కాగితం మీద రాసివ్వాలి. మావాళ్లు "ముందుకెళ్లు" అని రాసి ఎన్ని అడుగులో రాయలేదు. రోబో పిల్లాడు వెళ్లి వెళ్లి గోడకు ముక్కు ఆనించి నిలబడ్డాడు! ఆ నవ్వుల మధ్యే కాగితం తీసుకుని తప్పెక్కడుందో వెతికారు. ప్రోగ్రాములో తప్పు పట్టుకోవడమంటే అదే. ఐదో తరగతికి వచ్చాక, ఆజ్ఞల దిమ్మెలు పేర్చి ప్రోగ్రాములు చేసే స్క్రాచ్ చూపించాను. కొత్త వెర్షన్ మా మిషన్ల మీద మొరాయిస్తుందని పాత 1.4తోనే సరిపెట్టుకున్నాను. కోడింగ్ విషయంలో కంగారు పడకండి. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా అది మిడిల్ స్టేజ్‌లో, అంటే ఆరో తరగతి నుంచి.

నేను అనుకోకుండా లాభపడింది మాత్రం తెలుగు టైపింగ్‌లో. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే పద్ధతి కాకుండా, ఒక్కో కీకి నేరుగా తెలుగు అక్షరమే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టండి. అందులో ఒత్తు కావాలంటే పొల్లు నొక్కి ఆ తర్వాత హల్లు నొక్కాలి. 'అమ్మ' అంటే అ, మ, పొల్లు, మ: నాలుగు నొక్కులు. 'లక్ష్మి'కి ఏడు. నోట్‌బుక్‌లో ఒత్తులు ఎప్పుడూ తారుమారు చేసే ఒక పిల్లాడు వాళ్లమ్మ పేరు కొట్టి, "టీచర్, క కింద ష, దాని కింద మ, అంతేనా?" అన్నాడు. రెండేళ్లు నేను ఎర్ర పెన్నుతో దిద్దినా ఎక్కనిది ఆ రోజు ఎక్కింది. కీల మీద తెలుగు అక్షరాలు స్కెచ్ పెన్నుతో రాసి అతికించుకున్నాం.

ఇంకొకటి, సిలబస్‌లో ఉన్నా లేకపోయినా చెప్పండి. మా ఊళ్లో చాలా ఇళ్లలో నానమ్మ ఫోన్‌కొచ్చిన మెసేజ్ చదివిపెట్టేది ఐదో తరగతి పిల్లలే. ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చదివి చెప్పేదీ వాళ్లే. అందుకని నాటకం వేయించాను: ఒకడు బ్యాంకు మేనేజర్‌నంటూ ఫోన్ చేస్తాడు, ఇంకొకడు నానమ్మ, ఒక పిల్ల మనవరాలు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదని, మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని మనవరాలు చెప్పాలి. పేరెంట్స్ మీటింగ్‌లో ఇదే మళ్లీ వేస్తే, ఒక తండ్రి తన జేబులోని ఫోన్ తీసి పిన్ ఎలా మార్చాలో అడిగాడు.

మీ మిషన్లలో ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) ఎంతుందో చూసి ఇక్కడ రాయండి. 2 జీబీ ఉంటే మింట్ నడుస్తుంది, ఎలా వేయాలో చెప్తాను. ఈలోపు సుద్దముక్కలు ఉన్నాయిగా, రేపే గళ్లు గీసేయండి.