దెబ్బ వెన్నుకు తగిలితే ఫొటో మెదడుకెందుకు?

ప్రశ్న: మా తమ్ముడు చింతకాయలు దులుపుతూ చెట్టు మీంచి పడి ఎనిమిది నెలలైంది. డి10 (వెన్నులో ఛాతీ వెనుక భాగపు పదో పూస) దగ్గర దెబ్బ. టైటానియం రాడ్లు, స్క్రూలు వేశారు. నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. ఇప్పుడు పరిశోధన కోసం మెదడుకు ఎంఆర్ఐ తీస్తామంటున్నారు. ఎందుకు? రాడ్లతో ప్రమాదం లేదా? దీంతో నడక వస్తుందా?
– ఒక సోదరి, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: నడక రాదమ్మా. ఇది వైద్యం కాదు, కొలత. సంతకం పెట్టకముందే ఆ సంగతి తమ్ముడికీ తెలియాలి.

కాళ్లను ఆడించే భాగం మెదడులో నడినెత్తి కింద, రెండు సగాలూ ఎదురెదురుగా ఉండే లోపలి గోడల్లో ఉంటుంది. వెన్నుపాము నలిగితే కాళ్ల నుంచి దానికి కబురు రాదు. నెలలు గడిచేకొద్దీ ఆ భాగం కొంత పలచబడొచ్చు, చుట్టుపక్కల భాగాల పనితీరూ మారొచ్చు. స్పర్శ లేని కాళ్లలోనే కొందరికి మంటలు, పోట్లు వస్తాయి కదా, వాటికీ ఈ మార్పులకూ లంకె ఏమిటన్నది పరిశోధకులు వెతికే వాటిలో ఒకటి.

యంత్రంలో పడుకోబెట్టి ‘కుడి పాదం ఎత్తు’ అని తెర మీద చూపిస్తారు. సాధారణంగా 20–30 సెకన్లు ప్రయత్నం, అంతేసేపు విశ్రాంతి, మళ్లీ మళ్లీ. పాదం కదలకున్నా మెదడు ఆజ్ఞ ఇస్తుంది, అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ రక్తం పుంజుకోవడానికే 5–6 సెకన్లు పడుతుంది, సిగ్నల్‌లో తేడా చూస్తే కొద్ది శాతమే. అందుకే అన్నిసార్లు చేయిస్తారు. ఎత్తబోవడం వేరు, ఎత్తినట్టు ఊహించుకోవడం వేరు. రెండింటికీ మెదడు ఒకేలా స్పందించదు. ఈ తేడా బయటే సాధన చేయించమనండి.

స్కాన్‌ను ఎక్కువగా పాడుచేసేది తల కదలడం. కాళ్లు బిగుసుకుని ఎగిరితే ఆ కుదుపు తలదాకా వస్తుంది. 2–3 మిల్లీమీటర్లు జరిగినా చాలు, ఆ కాస్త రికార్డూ పనికిరాకుండా పోవచ్చు. మోకాళ్ల కింద దిండు, తలకు ఇరువైపులా స్పాంజి పెట్టాలి. బిగుతుకు వాడే మాత్ర ఆ పూట మాన్పించకండి, వేసిన టైము మాత్రం రాయించండి.

టైటానియాన్ని అయస్కాంతం లాగదు. రాడ్ల చుట్టూ వెన్ను బొమ్మ చెదురుతుందే తప్ప మెదడు బొమ్మకు ఇబ్బంది లేదు. అయినా ఆపరేషన్ కాగితాలు చూపించండి. పేస్‌మేకర్ గానీ, ఒంట్లో మందు పంపు గానీ ఉంటే ముందే చెప్పాలి.

నాకు వీటికంటే ఎక్కువ భయం చర్మం గురించే. తీగలు ఒంటికి ఆనినా, తొడకు తొడ తగిలినా కాలే ప్రమాదం ఉంది, మీ తమ్ముడికేమో తెలియదు. మధ్యలో గుడ్డ మడిచి పెట్టించండి. మడమల కింద, పిరుదుల కింద మెత్త ఉండాలి. లోపలికి పంపే ముందు మూత్రం ఖాళీ చేయించండి. డి6 దగ్గర గానీ, ఆ పైన గానీ దెబ్బ ఉన్నవాళ్లకైతే నిండిన మూత్రాశయమే బీపీని ప్రమాదకరంగా పెంచేస్తుంది. దించాక చర్మం చూడండి. ఎర్రబడిన చోటు అరగంటలో మామూలు కాకుంటే అక్కడే డాక్టరుకు చూపించి, తాడిపత్రి దాకా కూర్చోబెట్టకుండా పక్కకు పడుకోబెట్టి తీసుకెళ్లండి.