ఎక్స్‌పీ, విండోస్ 7, విండోస్ 11 ఒకే నెట్‌వర్క్‌లో కలవాలంటే మధ్యలో 7ను పెట్టండి

మీరు అడిగింది ఇది: షాపులో ఒక విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్, ఒక విండోస్ 7 కంప్యూటర్ ఉన్నాయి. కొత్తగా విండోస్ 11 కొన్నారు. ఒకదాని ఫోల్డర్ ఇంకోదాంట్లో తెరుచుకోవడం లేదు. కొత్త దాంట్లో ఎస్‌ఎంబీ 1 (ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఆన్ చేయమని అందరూ చెప్తున్నారు, చేయాలా వద్దా, ప్రింటర్ సంగతేంటి అని.

ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయకండి. ఎక్స్‌పీని, 11ని నేరుగా కలపాలన్న ఆలోచనే వదిలేయండి. మీ దగ్గర విండోస్ 7 ఉంది కదా, పని అదే చేసిపెడుతుంది. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో చిన్న ప్రెస్సులకు, డీటీపీ షాపులకు కంప్యూటర్లు చూసిపెట్టడమే నా బతుకుతెరువు. ఏ ప్రెస్సుకు పోయినా మీలాంటి సెటప్పే ఉంటుంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఒక మాఘమాసంలో వరంగల్ చౌరస్తా దగ్గరి ఒక ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చింది. "తమ్మీ, పొద్దటి సంది ఫైల్ పోతలేదు, జర రా" అన్నాడు ఓనరన్న. వెళ్లేసరికి నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో మూలలకు పసుపు పెట్టిన లగ్నపత్రిక. ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టుకున్న పెద్దకూతురి పెళ్లికార్డు. అదే ప్రెస్సులో కొట్టించిన కార్డు అది. చిన్నకూతురికి కూడా అచ్చం అలాంటిదే కావాలి, పేర్లు, ముహూర్తం మాత్రమే మారాలి. "బిడ్డా, లగ్గం దగ్గరికొచ్చింది, ఇంకా కార్డులే కాలేదు" అన్నాడు నన్ను చూసి.

పాత కార్డు ఫైల్ ఎక్స్‌పీలో ఉంది, పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో. కలర్ ప్రింటర్ కొత్తది, దాని డ్రైవర్ ఎక్స్‌పీకి లేదు కాబట్టి దాన్ని విండోస్ 11కు తగిలించారు. ఎక్స్‌పీలో మ్యాటర్ మార్చి పీడీఎఫ్ చేయడం నిమిషాల పని. ఆ పీడీఎఫ్ మూడడుగుల దూరంలో ఉన్న కొత్త కంప్యూటర్‌కు చేరడమే కావట్లేదు. 80070035 ఎర్రర్, నెట్‌వర్క్ పాత్ దొరకలేదని.

నాకంటే ముందు కొత్త కంప్యూటర్ అమ్మిన షాపు మనిషి వచ్చి పోయాడట. 11లో ఎస్‌ఎంబీ 1 ఆన్ చేశాడు, బయటి నుంచి వచ్చేవాటిని ఆపే ఫైర్‌వాల్ మొత్తం ఆపేశాడు, డ్రైవ్ మొత్తాన్ని 'ఎవ్రీవన్'కు ఫుల్ కంట్రోల్‌తో షేర్ చేశాడు. అయినా కలవకపోతే "పాతది ఫార్మాట్ కొట్టేయండన్నా, ఇంకెన్ని రోజులు దీన్ని మోస్తారు" అని చెప్పి పోయాడు. ఓనరన్న దాదాపు ఒప్పుకున్నాడు కూడా. ఆ మెషీన్‌లో ఎన్నో ఏళ్ల కార్డులున్నాయి. ఒకే ఇంట్లో అక్కవి, చెల్లెవి, తమ్మునివి కూడా. కస్టమర్లు ఆ ప్రెస్సుకే తిరిగి రావడానికి కారణం ఆ ఫైళ్లే. ఫార్మాట్ అన్న మాట అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

పెన్‌డ్రైవ్‌తో పని కాదా అంటారేమో. ఊళ్లో పెన్‌డ్రైవ్‌లు ఒక డీటీపీ నుంచి ఇంకో ఫ్లెక్స్ షాపుకు తిరిగి తిరిగి వస్తాయి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ అలాగే కదా ఇంటింటికీ చేరింది. నెట్‌వర్క్ సరిగ్గా పెట్టుకుంటే ఆ గోలే ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. ఎక్స్‌పీకి మొదటి వెర్షన్ ఒక్కటే వచ్చు. విస్టాతో రెండోది వచ్చింది, విండోస్ 8తో మూడోది. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ఆ మొదటి వెర్షన్‌లోని కన్నం గుండానే దూరి 150కి పైగా దేశాల్లో ఫైళ్లకు తాళం వేసింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి ఎస్‌ఎంబీ 1ను మైక్రోసాఫ్ట్ మెల్లగా పక్కకు తప్పించింది. కాబట్టి కొత్త మెషీన్‌లో దాన్ని మళ్లీ ఆన్ చేయడమంటే, మీ లెక్కలు, బ్యాంకు పని, కస్టమర్ల ఆధార్ కాపీలు ఉన్న కంప్యూటర్‌కే రక్షణ తక్కువైన ఆ పాత తలుపు తిరిగి పెట్టడం.

విండోస్ 7కు మాత్రం పాతదీ వచ్చు, కొత్తదీ వచ్చు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటి సిరోంచ పోతే తెలుగూ మరాఠీ రెండూ గడగడా మాట్లాడేవాళ్లు దొరుకుతారు, 7 అలాంటిది. ఎక్స్‌పీ దాంతో ఎస్‌ఎంబీ 1లో మాట్లాడుతుంది, 11 దాంతోనే 2లో మాట్లాడుతుంది. ఆ రెండింటికీ ఒకదాని ముఖం ఇంకొకటి చూడాల్సిన అవసరమే లేదు.

ఆ ప్రెస్సులో చేసింది ఇదే. ముందు 11లో ఎస్‌ఎంబీ 1 తీసేసి, ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేసి, నెట్‌వర్క్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చాను. ఫైర్‌వాల్ ఆపేయమని వీడియోల్లో చెప్పేవాళ్లందరూ ఈ ఒక్క సెట్టింగ్ మార్చమని చెప్తే చాలు, సగం గొడవ తీరుతుంది. విండోస్ 7లో అయితే 'వర్క్ నెట్‌వర్క్' ఎంచుకోవాలి. తర్వాత 7లో 'కార్డ్స్' అని ఒక ఫోల్డర్ పెట్టి, 'ప్రెస్' అనే యూజర్‌ను సృష్టించి, పాస్‌వర్డ్ ఇచ్చి, ఆ ఫోల్డర్‌ను ఆ ఒక్క యూజర్‌కే షేర్ చేశాను. షేరింగ్ ట్యాబ్‌లోనే కాదు, సెక్యూరిటీ ట్యాబ్‌లో కూడా ఆ యూజర్‌కు రాసే అనుమతి ఇవ్వాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

పాస్‌వర్డ్ అనగానే ఓనర్లందరికీ చిరాకు. "మన షాపే కదా తమ్మీ, పాస్‌వర్డ్ ఎందుకు" అంటారు. ఎందుకంటే పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ను నెట్‌వర్క్ మీదుగా లోపలికి రానివ్వకపోవడం ఎక్స్‌పీ కాలం నుంచే విండోస్ పద్ధతి. విండోస్ 11కు 24హెచ్2 అనే వెర్షన్ వచ్చాక ఇంకా గట్టిపడింది. ప్రో ఎడిషన్ అయితే ప్రతి కనెక్షన్‌కూ సంతకం లాంటిది అడుగుతుంది, గెస్ట్‌గా వచ్చేవాడికి ఆ సంతకం పెట్టడం కుదరదు. పేరు, పాస్‌వర్డ్ ఉంటే విండోస్ 7తో కూడా ఇబ్బంది లేకుండా కలుస్తుంది. 'ఎవ్రీవన్' షేరింగ్‌తో రోజంతా కుస్తీ పట్టినా తెరుచుకోని ఫోల్డర్, సరైన యూజర్ పేరు కొడితే క్షణంలో తెరుచుకుంటుంది.

ఎక్స్‌పీలో కూడా 'ప్రెస్' అనే పేరుతోనే, అదే పాస్‌వర్డ్‌తో యూజర్‌ను పెట్టి దాంట్లోనే లాగిన్ అయితే ఇక అడగదు. 11లో ఒకసారి కొట్టి 'గుర్తుంచుకో' అని టిక్ పెడితే చాలు. అక్కడ పాత తప్పుడు పాస్‌వర్డ్ ఏదైనా దాచి ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి పోయి తీసేయండి. ఆ ప్రెస్సులో ముందు వచ్చినతను కొట్టినవి అక్కడే పేరుకుపోయి ఉన్నాయి. ఒకవేళ 11 నుంచే షేర్ చేయాల్సి వస్తే, స్క్రీన్ దగ్గర కొట్టే పిన్ నెట్‌వర్క్‌లో పనికిరాదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి.

'నెట్‌వర్క్' ఐకాన్ తెరిచి అందులో కంప్యూటర్ కనిపించట్లేదని టెన్షన్ పడకండి. పాతవి ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతి వేరు, కొత్తవి వెతుక్కునే పద్ధతి వేరు. కనిపించకపోయినా కలుస్తాయి. రన్ బాక్స్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి విండోస్ 7 కంప్యూటర్ ఐపీ నంబర్ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్), ఉదాహరణకు 192.168.1.12 కొట్టండి. ఆ నంబర్ రోజుకొకటి మారకుండా 7కు, ఎక్స్‌పీకి చేత్తో ఐపీ పెట్టండి, రౌటర్ తనంతట తాను పంచే నంబర్లకు బయట ఉండేలా. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. గేట్‌వే (ఇంటర్నెట్‌కు దారి చూపే రౌటర్ నంబర్) గడి ఖాళీగా వదిలేయండి. అప్పుడు 7 దాన్ని గుర్తుతెలియని పబ్లిక్ నెట్‌వర్క్‌గా చూపిస్తే, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో పబ్లిక్ కిందే ఫైల్ షేరింగ్ ఆన్ చేయండి. గేట్‌వే లేకపోతే ఆ రెండూ షాపు లోపల మాట్లాడుకుంటాయి గానీ మామూలుగా ఇంటర్నెట్‌కు పోలేవు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, 7కు 2020 జనవరిలో సపోర్ట్ అయిపోయింది, వాటికి ఇంటర్నెట్‌తో పనేముంది? కస్టమర్ వాట్సాప్‌లో పంపే ఫోటోలు 11లో దించుకుని 'కార్డ్స్' ఫోల్డర్‌లో వేస్తే ఎక్స్‌పీ అక్కడి నుంచి తీసుకుంటుంది.

ఒక్క విషయం మర్చిపోవద్దు. వానాక్రైలో ఎక్కువగా దెబ్బతిన్నవి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేయని విండోస్ 7 మెషీన్లే. విండోస్ 7కు కేబీ 4012212, ఎక్స్‌పీకి కేబీ 4012598 అనే ప్యాచ్‌లు మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే తెచ్చి వేయండి. ఎక్స్‌పీకి సపోర్ట్ ఆగిపోయిన మూడేళ్ల తర్వాత కూడా ప్రత్యేకంగా ఆ ప్యాచ్ ఇచ్చారంటే ప్రమాదం ఎంత పెద్దదో మీరే ఆలోచించండి.

ఆ రోజు పీడీఎఫ్ పోయి, మొదటి ప్రూఫ్ బయటికొచ్చింది. పెద్దమనిషి అద్దాలు సవరించుకుని, పెద్దకూతురి కార్డు పక్కన పెట్టి, వియ్యంకుని ఇంటిపేరు దగ్గర వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. ఒక దీర్ఘం తప్పుంటే ఎక్స్‌పీలో దిద్ది మళ్లీ పంపారు. లేచి వెళ్తూ నన్ను కూడా పెళ్లికి రమ్మన్నాడు.

నాకు అసలు బాధ ఇంకొకటి ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇన్నేళ్లయినా మన తెలుగు ప్రెస్సులు దాని దగ్గరే ఎందుకున్నాయి? ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల గడుల్లో కూర్చుని ఉంటాయి, ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే అంతా పిచ్చిగీతలే. ఏ మెషీన్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో పెళ్లికార్డుకు తగ్గ అందమైన ఫాంట్లు, ప్రెస్సువాళ్ల వేళ్లకు అలవాటైన కీబోర్డుతో, తక్కువ ధరకు దొరికితే ఎక్స్‌పీని ఎవరు పట్టుకుని వేలాడతారు? ఓనర్లను తిట్టి లాభం లేదు. కొత్త కార్డులనైనా యూనికోడ్‌లో మొదలుపెట్టమని నేను ప్రతి షాపులో చెప్తూనే ఉంటాను.

ప్రింటర్ సంగతి. ఒక కంప్యూటర్‌కు యూఎస్‌బీతో తగిలించి మిగతావాటికి షేర్ చేసే పద్ధతి, 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే ప్రింటింగ్ లోపం బయటపడి ప్యాచ్‌లు వచ్చాక పాత, కొత్త విండోస్‌ల మధ్య తరచూ మొరాయిస్తుంది. 11బి అని ఎర్రర్ వస్తే దానికి కారణం అదే ఏడాది ఇంకో ప్రింటింగ్ లోపానికి వచ్చిన ప్యాచ్. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో) ఏదో సున్నా పెట్టమంటారు, ఆ రక్షణ తీసేయకండి. ప్రింటర్‌కు ల్యాన్ పోర్టు ఉంటే కేబుల్ నేరుగా రౌటర్‌కు పెట్టి, దానికో ఐపీ ఇచ్చి, 7లో, 11లో విడివిడిగా యాడ్ చేసుకోండి. పోర్టు లేకపోతే 11కే తగిలించి ఉంచండి, ఎక్స్‌పీ నుంచి పీడీఎఫ్ 'కార్డ్స్' ఫోల్డర్‌లో పడితే 11లో తెరిచి ప్రింట్ కొట్టుకోవచ్చు.